పనిలా అనిపించని పని

“చేతులు అప్పుడే కడుక్కోకు. పిండి అలాగే ఉండనీ. వాళ్ళకది ఇష్టం” అన్నాడు ఈలమ్ వంటింటి గుమ్మంలోంచి.

కుళాయి వైపు వెళ్ళబోతున్న ఫ్రోనీ ఆగింది. బల్ల నిండా పలచగా ఒత్తి, చదరంగా కోసిన పిండి రేకులు ఆరుతున్నాయి. పొయ్యి మీద పెద్ద గిన్నెలో కోడీ బంగాళాదుంపలూ కుంకుమపువ్వు వేసిన రసంలో పసుప్పచ్చగా ఉడుకుతున్నాయి. వ్యాను గేటు దగ్గరికొచ్చాక ఆ రేకుల్ని ఒక్కొక్కటే అందులోకి జారవిడవాలి. ముందే వేస్తే ముద్దకడతాయి, ఆలస్యమైతే వచ్చినవాళ్ళు ఎదురుచూడాలి. ఆ సంగతులేవీ ఆమె భర్త ఈలమ్‌కి పట్టవు. అతనికి తెలిసిందల్లా, మొన్నొకావిడ ఫ్రోనీ చేతులు రెండూ పట్టుకుని “ఈ పిండి చూడండి, ఈ చేతులు చూడండి! మా అమ్మమ్మ గుర్తొస్తోంది” అని కళ్ళనీళ్ళు పెట్టుకుందని. అందుకని ఫ్రోనీ అలాగే నిలబడింది. పిండి ఎండి చర్మం బిగుసుకుపోతోంది. ముక్కు మీద దురద పెడితే మోచేత్తో రుద్దుకుంది.

ఈ భోజనాలు మొదలై చాలా ఏళ్ళయింది. పాల ధర పడిపోయి సగం మంద అమ్ముకున్న ఏడు, కరెంటూ కార్లూ వద్దనుకుని గుర్రబ్బండ్లతో బతికే తమ సంఘం పెద్దల అనుమతి అడిగి, మంగళ గురువారాల్లో ఇంగ్లీషువాళ్ళకి ఇంట్లో భోజనం పెట్టడం మొదలుపెట్టారు. తమవాళ్ళు కానివాళ్ళందరూ ఇంగ్లీషువాళ్ళే, న్యూయార్కు నుంచి వచ్చినా జపాను నుంచి వచ్చినా. వాళ్ళు వ్యాన్లలో వచ్చి దిగుతారు. గుర్రబ్బండిని చూసి మురుస్తారు. కరెంటు తీగ లేని గోడల్ని తడిమి చూస్తారు. మనిషి పోయిన ఇంట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఈలమ్ బల్ల చివర కూర్చుని గడ్డం నిమురుకుంటూ అన్నీ చెప్తాడు. “మేం తోటలో పండిస్తాం. మేం చలికాలానికి సీసాల్లో పెట్టుకుంటాం. మేం రొట్టె కాల్చుకుంటాం.” వెనక నిలబడి వడ్డిస్తూ ఫ్రోనీ వింటుంది. ఆ ‘మేం’ ఎవరో ఆమెకి తెలుసు. రొట్టెల పెనం ఏ అరలో ఉంటుందో కూడా ఈలమ్‌కి తెలియదు. అలాగని చెడ్డవాడు కాడు. ఒక్కనాడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. పొలంలో తను చేసేది పని, ఇంట్లో ఆమె చేసేది సాయం అని నమ్మినవాడు, అంతే. వాళ్ళ నాన్నా అంతే నమ్మాడు. ఎవరైనా అడిగితే “మా ఆవిడ నాకు చాలా సాయం” అని ఎంతో ప్రేమగా చెప్తాడు.

మొదటి ఏడు ఒకామె అడిగింది, “కరెంటు లేకుండా ఇంత పని! కష్టంగా ఉండదా?” అని. ఫ్రోనీకి అప్పటికింకా వేరే జవాబు చెప్పాలని తోచలేదు. “ఉంటుందండీ. నడుం పడిపోతుంది. చలికాలంలో బట్టలు ఆరేస్తే వేళ్ళు పగులుతాయి” అంది. బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది. మర్నాడు పొద్దున్న పాలు పితుకుతున్నప్పుడు ఆవు అవతలి పక్క నుంచి ఈలమ్ అన్నాడు: “అంత దూరం నుంచి నీ నడుంనొప్పి వినడానికొస్తారా వాళ్ళు? కష్టాలు వాళ్ళిళ్ళల్లోనూ ఉన్నాయి. మన దగ్గర లేవనుకుని వస్తారు. అనుకోనీ. మన సొమ్మేం పోయింది?”

తరవాతి వారం ఇంకెవరో అదే అడిగారు. ఫ్రోనీ ముందుగా ఆలోచించుకోలేదు. మాట దానంతటదే వచ్చింది. “మనవాళ్ళ కోసం చేసే పని, పనిలా అనిపించదండీ.”

బల్ల చుట్టూ ఒక నిట్టూర్పు లేచింది. ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఒకాయన పక్కనున్న భార్యని మోచేత్తో పొడిచి “విన్నావా?” అన్నాడు నవ్వుతూ. ఆ భార్య తల దించుకుని రొట్టెకి వెన్న రాసుకుంది. అప్పుడు ఫ్రోనీ ఆ తల దించుకోవడాన్ని చూడలేదు. నిట్టూర్పునే విన్నది.

నిజానికి ఆమెకది రుచించింది. తమ ఇళ్ళల్లో వంట బాగుందని ఎవరూ అనరు. తలలు వంచి మౌనంగా ప్రార్థిస్తారు, తింటారు, మళ్ళీ తలలు వంచుతారు, లేచిపోతారు. బాగాలేకపోతే మాత్రం అంటారు. ఏళ్ళ తరబడి వండినా వినని మాటని ఈ ముక్కూమొహం తెలియనివాళ్ళు పళ్ళెం పళ్ళెం నింపి పెడుతున్నారు. పక్కనే చిన్నింట్లో ఉండే అత్తగారు ఒకసారి కిటికీలోంచి అంతా విని, “పొంగడం పాలకి అందం, మనిషికి కాదు” అంది. ఫ్రోనీ నొచ్చుకుంది. అయినా మంగళవారం వస్తోందంటే తెల్లటి తలముసుగు రెండుసార్లు ఇస్త్రీ చేసుకునేది. ఆ మాట చెప్పే ముందు కాస్త ఆగడం నేర్చుకుంది. ఆగి, కొద్దిగా నవ్వి, వడ్డించే చెంచా కిందపెట్టి చెప్పేది. అలా చెప్తే ఇంకా బాగుండేది.

ఆమె వెనక ఎప్పుడూ నీళ్ళ జగ్గు పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉండేది. మొదట పెద్దకూతురు మలిండా. ఇప్పుడు చివరిది, సలోమా. సలోమాకి నోరెక్కువ. “అమ్మా, మీకు పుట్టినరోజులుంటాయా అని అడిగాడొకాయన. లేవండీ, మేం మొక్కజొన్నతో పాటు మొలుస్తాం అనబోయి ఆగా” అని గిన్నెలు తోముతూ నవ్విస్తుంది. మలిండా అలా కాదు. ఏదైనా వింటే దాచుకునే పిల్ల.

ఆ మలిండా పెళ్ళికి ముందు ఊళ్ళో ఒంటిగది బళ్ళో పంతులమ్మ. బడి అయ్యాక చేతులకి సుద్ద అలాగే ఉంచుకుని ఇంటికొచ్చేది. ఏ పిల్లాడికి తీసివేతలు వచ్చాయో, ఏ పిల్ల బైబిలు వాక్యం తడబడకుండా చదివిందో చెప్పి చెప్పి అలిసిపోయేది కాదు. వాళ్ళ సంఘంలో పెళ్ళయిన ఆడవాళ్ళు బళ్ళో పాఠాలు చెప్పకూడదు. బెనుయెల్ అడిగాడు, ఈమె సరేనంది, నవంబరులో పెళ్ళయింది, బడి వేరే అమ్మాయికి వెళ్ళింది. ఇప్పుడామెకి నలుగురు పిల్లలు. బెనుయెల్ శుక్రవారపు సంతలో ఒక దుకాణం అద్దెకి తీసుకున్నాడు. అందులో అమ్మేవన్నీ మలిండా గురువారం కాల్చిన రొట్టెలు, పిండి పొరలో పండ్లు కూరి చేసే పైలు. “దుకాణం బాగా నడుస్తోంది అత్తయ్యా, కష్టపడుతున్నాను” అని చెప్తాడు బెనుయెల్.

వాళ్ళకి వేరే చర్చి ఉండదు, ఆదివారం ఆరాధన ఇంటింటికీ వంతున జరుగుతుంది. ఆ శరదృతువులో ఆ వంతు మలిండా ఇంటికి వచ్చింది. ఊళ్ళో సగంమంది వచ్చి కూర్చుంటారు, మధ్యాహ్నం భోజనం చేస్తారు. గోడల దగ్గర్నించి గుర్రాలశాల వరకూ కడగాలి. కాస్త సాయం చేసి రావచ్చని ఫ్రోనీ ఒక గురువారం పొద్దున్నే తమలాంటివాళ్ళని కారులో తిప్పే ఇంగ్లీషామె డోరిస్‌ని పిలిపించుకుని బయల్దేరింది. మధ్యాహ్నానికి తిరిగి రావాలి. సాయంత్రం వ్యాను ఉంది.

వాకిట్లో బెనుయెల్ చెక్కపెట్టెలు తుడుస్తున్నాడు. “మంచి వేళకొచ్చారు అత్తయ్యా. మలిండా ఇవాళ కాస్త నెమ్మదిగా ఉంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. రేపు సంతకి ఏం తీసుకెళ్ళాలో ఏమో!”

వంటింట్లో మలిండా లేదు. పసివాడు ఒక కాలికే బూటుతో నేల మీద పాకుతున్నాడు. ఫ్రోనీ వాడిని చంకనేసుకుని నేలమాళిగలోకి దిగింది. అక్కడ అరల నిండా పీచ్‌లు, బీన్సు, ఊరగాయలు, టమాటా రసం సీసాలు వరసలు తీరి ఉన్నాయి. వాటి ఎదురుగా బోర్లించిన బాల్చీ మీద మలిండా కూర్చుని ఉంది. ఒళ్ళో ఎండు ఆపిల్ ముక్కల గిన్నె. ఏడవడం లేదు. ఊరికే కూర్చుంది.

“ఏమే, ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.”

“మళ్ళీ నెల తప్పావా?”

“లేదమ్మా.” సీసాల వైపే చూస్తోంది. “ఒకటడగనా? నీకెప్పుడొచ్చింది?”

“ఏది?”

“అదే. పనిలా అనిపించకపోవడం. పెళ్ళయిన ఎన్నాళ్ళకొచ్చింది?”

ఫ్రోనీకి అర్థం కాలేదు. చంకలో పసివాడు ఆమె తలముసుగు తాడు లాగుతున్నాడు.

“నాకింకా రాలేదు” అంది మలిండా. “మొదట్లో కొత్త కదా అనుకున్నా. పిల్లలు పుడితే వస్తుందేమోననుకున్నా. పిల్లలు పుట్టారు. బట్టలుతుకుతూ, రొట్టె కాలుస్తూ, ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని చూస్తుంటా. రోజూ దేవుణ్ణి అడుగుతున్నా. మా అమ్మకిచ్చావు కదా, నాకూ ఇవ్వమని. నాకే వీళ్ళ మీద ప్రేమ తక్కువేమో. లేకపోతే నాకెందుకిలా ప్రతిదీ పనిలాగే అనిపిస్తుంది?”

ఫ్రోనీ పసివాణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. “అది… అది వాళ్ళతో అనే మాటే, పిచ్చిదానా. ఇంగ్లీషువాళ్ళతో.”

“వాళ్ళతో అంటే?”

“అంటే… వాళ్ళు వినాలనుకునే మాట. అంత దూరం నుంచి వస్తారు కదా.”

మలిండా మొదటిసారి తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది. “నేనూ అక్కడే ఉన్నాను కదమ్మా, నీళ్ళ జగ్గు పట్టుకుని. నాకు ఇంగ్లీషులో పూర్తిగా అర్థమైన మొదటి మాట అదే. వారానికి రెండుసార్లు వినేదాన్ని. మన అవును అవునూ, మన కాదు కాదూ అవ్వాలని బైబిలు మాట నేర్పింది నువ్వే. వాళ్ళతో అయితే వేరేనని నాకు చెప్పలేదు.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఫ్రోనీ ఏదో ఒక జవాబు వెతుక్కునేది. ఇద్దరూ పైకొచ్చి పొయ్యి వెలిగించారు. పిండి కలిపారు. పైలు ఒక వరస లోపలికి వెళ్ళాయి. ఇంతలో బయట డోరిస్ హారన్ కొట్టింది.

“వెళ్ళమ్మా, నీకు వ్యానొచ్చే వేళయింది” అంది మలిండా. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే గుచ్చుకుంది.

ఫ్రోనీ వెళ్ళింది. ఆ రోజు ఆ కారు ఎక్కకుండా ఉండాల్సిందని తరవాత ఎన్నోసార్లు అనుకుంది. అయినా ఎక్కింది. అలవాటు మనిషిని మెడ పట్టి తీసుకెళ్తుంది. డోరిస్ వాతావరణం గురించి ఏదో చెప్తోంది. కిటికీ బయట కోసేసిన మొక్కజొన్న పొలాలు వెనక్కి పోతున్నాయి. దారి మధ్యలో ఆమెకి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. మలిండా బడి నుంచి వచ్చి పక్కన కూర్చుని దుంపలు చెక్కు తీస్తోంది. “అమ్మా, బెనుయెల్ అడిగాడు. మంచివాడే. కానీ నాకు బడి వదలబుద్ధి కావట్లేదు. ఇంకో ఏడాది ఆగమని చెప్పనా?” అంది. అప్పుడు ఫ్రోనీ చెవులు గేటు దగ్గర ఉన్నాయి. రెండు వ్యాన్లు రావాల్సిన రోజు. పిండి రేకులు గిన్నెలో వేయాలా వద్దా అన్నదే ధ్యాస. చేతిలో పని ఆపకుండా కూతురికి జవాబు చెప్పింది. ఏం చెప్పిందో ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. “మనవాళ్ళ కోసం చేసే పని, పనిలా అనిపించదే.”

పిల్ల అడిగింది తల్లిని. జవాబిచ్చింది ఇంగ్లీషువాళ్ళ ఫ్రోనీ.

“బాగానే ఉన్నారా? మొహం పాలిపోయింది” అంది డోరిస్. బాగానే ఉన్నానంది ఫ్రోనీ.

సాయంత్రం వ్యాను వచ్చింది. కోడి, పిండి రేకులు, వెన్నలో వేపిన నూడుల్స్, ఎర్ర ముల్లంగి ఊరగాయ, మొలాసిస్ అనే నల్లటి బెల్లప్పాకం పోసిన పై. ఈలమ్ ‘మేం’ మొదలుపెట్టాడు. అతను ఎక్కడ ఏ హాస్యం చెప్తాడో, వాళ్ళు ఎక్కడ నవ్వుతారో ఫ్రోనీకి కంఠతా వచ్చు. ఒక ముసలాయన సలోమా చేతిలో జగ్గు చూసి ముచ్చటపడి అడిగాడు: “అమ్మాయీ, నీ వయసు పిల్లలు మా దగ్గర ఫోన్లు వదలరు. నీకీ పని విసుగనిపించదా?”

సలోమా తల్లి వైపు ఓరగా చూసింది. కాస్త ఆగింది. కొద్దిగా నవ్వింది. జగ్గు బల్ల మీద పెట్టి, చక్కటి ఇంగ్లీషులో ఆ మాట చెప్పింది. ఆ ఆగడం ఫ్రోనీదే. ఆ నవ్వూ ఫ్రోనీదే. బల్ల చుట్టూ నిట్టూర్పు లేచింది. అందరూ తిరిగి తల్లిని ఆప్యాయంగా చూశారు. “ఎంత బాగా పెంచారండీ!” అంది ఒకామె.

ఫ్రోనీ చేతిలో రసం గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టలేదు. వచ్చినవాళ్ళకి అర్థంకాని తమ ఇంటి భాషలో, మామూలు గొంతుతో అంది: “అది అబద్ధం సలోమా. పని పనే. నాకు ప్రతిరోజూ పనిలాగే అనిపించింది. నీకూ అలాగే అనిపిస్తుంది. దానికీ ప్రేమకీ సంబంధం లేదు.”

వచ్చినవాళ్ళు నవ్వుమొహాలతో ఈలమ్ వైపు చూశారు. “ఏమంటున్నారు?”

ఈలమ్ చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. “చల్లారకముందే తినమంటోంది” అన్నాడు.

అందరూ హాయిగా నవ్వారు. సలోమా నవ్వలేదు.

మర్నాడు పాలు పితకడం అయ్యాక ఫ్రోనీ రెండు గౌనులూ ఒక తలముసుగూ సంచీలో సర్దుకుంది. ఈలమ్ గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎక్కడికి?”

“మలిండా దగ్గరికి. వాళ్ళింట్లో ఆరాధన అయ్యేదాకా రాను. ఆ తరవాత కూడా వారంలో సగం అక్కడే.”

“మంగళవారం వ్యానొస్తుంది కదే!”

“రానీ.”

“వంటెవరు చేస్తారు?”

“మేం వండుతాం, మేం కాలుస్తాం అంటావు కదా రోజూ. ఆ ‘మేం’లో నేను పోగా మిగిలినవాళ్ళు చెయ్యండి. సలోమాని మాత్రం పిలవకు. దాన్ని నాతో తీసుకెళ్తున్నా.”

ఈలమ్ కోప్పడలేదు. సంతలో చెయ్యి వదిలేసిన పిల్లాడిలా చూశాడు. “నేనేం తప్పు చేశాను ఫ్రోనీ?” అన్నాడు. ఆ ప్రశ్నకి నిలబడి జవాబు చెప్పడానికి ఒక రోజు చాలదని ఆమెకి తెలుసు. “వచ్చాక మాట్లాడుకుందాం” అంది. చిన్నింటి దగ్గర అత్తగారు తలుపు తీసుకుని నిలబడి ఉంది. ఏదో ఒకటి అంటుందని ఫ్రోనీ సిద్ధపడింది. ముసలామె సంచీ వైపు చూసి, “ఒకసారి నేనూ బండి కట్టాను. వానొచ్చింది, దిగిపోయా” అని తలుపు వేసుకుంది.

మలిండా ఇంటికి చేరేసరికి బెనుయెల్ సంతకి వెళ్ళిపోయాడు. ఫ్రోనీ కూతుర్ని మంచం మీద పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేసింది. పిల్లల్ని సలోమా చూసుకుంది. మలిండా పట్టపగలు, బూట్లతోనే, మధ్యాహ్నం దాటేదాకా నిద్రపోయింది. లేచి వచ్చి, సిగ్గుపడుతూ, బల్ల దగ్గర కూర్చుని కత్తి అందుకుంది. ఆదివారానికి ఆపిల్స్ తరగాలి.

ఆపిల్స్ తరుగుతూ ఫ్రోనీ చెప్పింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనివి. మలిండా కడుపులో ఉన్నప్పుడు ఒకరోజు పులిసిన పిండి గిన్నె మొత్తం పందుల తొట్టిలో పోసేసి, పిండి పొంగలేదని అబద్ధం చెప్పడం. రెండోవాడు పుట్టిన చలికాలం ఉతికిన దుప్పట్లు తాడు మీదే గడ్డకట్టి నిలబడితే వాటి వెనక దాక్కుని ఏడవడం. వచ్చినవాళ్ళ పొగడ్తలు ఎంత తియ్యగా ఉండేవో, వ్యాను వెళ్ళిపోయాక ఇల్లెంత చప్పగా అనిపించేదో. ఈలమ్ ‘సాయం’ అన్నప్పుడల్లా పళ్ళ బిగువున ఏమని అనుకునేదో. మలిండా వింటోంది. తల్లిని కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూస్తోంది. ఒకచోట నవ్వింది కూడా. పందులకి పిండి పోసిన దగ్గర.

తరవాత ఆమె చేతులు ఆగాయి.

“అమ్మా, బెనుయెల్ సంగతి అడిగిన రోజు నీకు తీరిక ఉండి, నేనడిగింది సరిగ్గా విని ఉంటే, బడి మానొద్దనేదానివా?”

కూతురికి కావలసిన జవాబు ఫ్రోనీ పెదాల మీదే ఉంది. అవునంటే చాలు. ఆ మొహం తేలికపడుతుంది. ఎదుటివాళ్ళ మొహం చూసి వాళ్ళకి కావలసిన మాట వడ్డించడంలో ఆ చుట్టుపక్కల ఆమెని మించినవాళ్ళు లేరు.

“అనేదాన్ని కాదే” అంది. “బెనుయెల్ మంచివాడు, ఊరు దగ్గర, మళ్ళీ ఇలాంటి సంబంధం వస్తుందో రాదో, నలుగురూ ఏమంటారో. ఇవే ఆలోచించి చేసుకోమనే చెప్పేదాన్ని. అప్పటికి నాకంత ధైర్యం లేదు. విన్నా నీకు పనికొచ్చేదాన్ని కాదు.”

మలిండా కత్తి బల్ల మీద పెట్టింది. వాకిట్లో సలోమా పిల్లలచేత అంకెలు చదివిస్తోంది. పసివాడు వాళ్ళతో పాటు అర్థంలేని అరుపులు అరుస్తున్నాడు. మలిండా కళ్ళు నిండాయి, వాటిని తుడుచుకోలేదు.

“ఈ మాట నమ్ముతానమ్మా” అంది.